చప్పుడు చేసే తలుపు

సత్తిరాజు తలుపు చేశాడంటే ఇక దానికి వంక పెట్టడానికి లేదని పి.గన్నవరం చుట్టుపక్కల చెప్పుకునేవారు. సూర్యకాంతం గారు మాత్రం పెట్టారు. పెట్టక ఊరుకునే మనిషి కాదావిడ.

ఆ ఏడు వైశాఖంలో వాళ్ళ గృహప్రవేశం. వీధి తలుపు పాత టేకుతో చేశాడు. రెండు రెక్కలు, రెక్కకి మూడేసి పలకలు. ఒక్కో పలకనీ నడుమ ఎత్తుగా ఉంచి, అంచులు పల్చగా చిత్రిక పట్టి, చట్రంలో తీసిన గాడిలో కూర్చోబెట్టాడు. పలకకి జిగురు లేదు, మేకు లేదు. చట్రం మూలలకి మాత్రం కర్ర చీలలు దిగ్గొట్టాడు. ఎండలకి పలకలు కాస్త కుంచించుకుని, గాలి వేసినప్పుడల్లా టకటకమనేవి.

గృహప్రవేశానికి వచ్చిన ఆడపడుచు తలుపు మీద వేలితో కొట్టి, "ఇదేంటి వదినా, కొత్త తలుపుకి అప్పుడే పళ్ళు కదులుతున్నాయా?" అందిట. అంతే, సూర్యకాంతం గారికి తల కొట్టేసినట్టయింది.

"వదులు తలుపు చేసేవేంటి సత్తిరాజూ? నాలుగు మేకులు కొట్టు."

"అమ్మగారూ, అది తూర్పు తలుపండి. కార్తీకం దాకా వానంతా దాని మొహం మీదేనండి. కర్రకి ఊపిరి తీసుకునే చోటుండాలండి. వానలకి ఉబ్బుతాది, చప్పుడు దానంతటదే మానేత్తాది."

"మానకపోతే?"

"ఆయ్, మానకపోతే ఉలి పక్కన పడేత్తానండి."

ఊరికే అనలేదు. పదేళ్ళ కిందట సొంతంగా చేసిన మొదటి తలుపుకి పలకలు జిగురేసి బిగించేశాడు. ఒక్క ఏడాది తిరక్కుండా నిలువునా పగిలింది. ఆ ఇంటాయన పల్లెత్తు మాట అనలేదు, వేరే తలుపు పెట్టించుకున్నాడు. ఆ వీధిన వెళ్ళడానికి సత్తిరాజుకి ఇప్పటికీ మొహం చెల్లదు.

వానలొచ్చాయి. పలకలు ఉబ్బి గాడిలో నిండుగా కూర్చున్నాయి. తలుపు నోరు మూసింది. అటు వెళ్ళినప్పుడల్లా సత్తిరాజు సైకిలు ఆపి, దూరంనుంచే చూసుకుని మురిసిపోయేవాడు.

కార్తీకంలో వారం రోజులు ముసురు పట్టి, ఆనక గట్టిగా ఎండ కాసింది. కొన్నాళ్ళకి సూర్యకాంతం గారి భర్త కేశవరావు గారి దగ్గర్నుంచి కబురు. వెళ్ళేసరికి అరుగు మీద ధర్మరాజు గారు కూడా ఉన్నారు. తన కొత్తింటి తలుపులన్నీ సత్తిరాజుకే అప్పగిస్తానని మాటిచ్చిన మనిషి. కుడి రెక్క అడుగు పలక నిలువునా బీట వారి ఉంది.

"చూసేవా నీ నిర్వాకం? ఉలి పక్కన పడేస్తానన్నావుట కదా!" అన్నారు కేశవరావు గారు.

ధర్మరాజు గారు గొంతు సవరించుకుని ఎటో చూశారు. సత్తిరాజుకి అర్థమైంది. ఇక ఈ వీధికీ మొహం చెల్లదన్నమాట.

గొంతుక్కూర్చుని పలక తడిమాడు. మిగతా ఐదూ ఎండకి అప్పుడే కాస్త సడలాయి. ఇది మాత్రం కదలదు. అంచున పెట్టిన పసుపు బొట్టు కింద వేలికి గరుగ్గా ఏదో తగిలింది. గోటితో గీకితే తుప్పు పట్టిన మేకు తల! అటు అంచున బొట్టు కింద ఇంకోటి. వానకి ఉబ్బి, ఎండకి కుంచించుకోబోయిన పలకని మేకులు రెండు పక్కలా చట్రానికి పట్టేస్తే పగలక ఏం చేస్తుంది?

తలెత్తాడు. గుమ్మంలో సూర్యకాంతం గారు, చేతిలో కాఫీ గ్లాసు, మొహంలో నెత్తురు చుక్క లేదు. పని జరిగినన్నాళ్ళూ కొసరి కొసరి వడ్డించిన మనిషి. నలుగురిలో ఆవిణ్ణి ఏమంటాడు? రాలిన పసుపు బొటనవేలితో మళ్ళీ మేకు మీద అద్దేశాడు.

"పొరపాటైపోయిందండి. పలక మార్చేత్తాను," అన్నాడు. ఆ మాట అనడానికి ప్రాణం పోయినంత పనైంది.

"ఆగు సత్తిరాజూ. పొరపాటు నీది కాదు," అన్నారు సూర్యకాంతం గారు. "ఆ మేకులు నేనే కొట్టేను. వానలకి ముందు మా ఆడపడుచు మళ్ళీ వస్తోందంటే, అదొక్కటీ మరీ మోగుతోందని... సుత్తి దొరక్క పచ్చడిబండతో కొట్టి, అప్పట్నుంచీ పైన బొట్లు పెడుతూ వచ్చేను."

కేశవరావు గారు నోరెళ్ళబెట్టారు. ధర్మరాజు గారు పకపకా నవ్వేశారు. "బాగుందండీ అక్కయ్యగారూ! ఏవయ్యా సత్తిరాజూ, మా తలుపులకి కర్ర ఎప్పుడు కోయిద్దాం?"

సత్తిరాజు ముందు ఆ రెండు మేకులూ పీకేశాడు. చీలలు తట్టి చట్రం విప్పి, పగిలిన పలక తీసి, వారంలో కొత్తది కూర్చాడు.

మళ్ళీ వేసవికి ఆడపడుచు రానే వచ్చింది. తలుపు మీద వేలితో కొట్టింది. టక్ టక్. "ఇంకా బాగుచేయించలేదా వదినా?"

"బాగానే ఉంది. కర్రకి ఊపిరి తీసుకునే చోటుండాలమ్మా! కార్తీకంలో వచ్చి కొట్టి చూడు," అన్నారు సూర్యకాంతం గారు.

అరుగు మీద కాఫీ తాగుతున్న సత్తిరాజు, "అమ్మగారూ, పచ్చడిబండ ఎక్కడ పెట్టేరండీ?" అని మెల్లిగా అడిగాడు.

"దాచేసేనులే, నోరు మూసుకుని తాగు."