ఐదు రోజులు వాన లేదు

టపా రన్నరు ముత్తయ్య ఎర్రబోరు నుంచి సంచి తెచ్చి ఊళ్లోని సర్కారు చౌకీ అరుగు మీద దించేసరికి మంగళవారం మిట్టమధ్యాహ్నమైంది. రావలసింది సోమవారం.

చౌకీ రాతకోతలు చూసే మున్షీ సంచి విప్పాడు. జగదల్‌పూర్‌కి టెలిగ్రాఫ్ తంతిలో వచ్చిన వాతావరణ సూచన, చేత్తో నకలు తీసింది, పైనే ఉంది. దాన్ని చదివి తలెత్తాడు.

"ఏరా, నిన్న ఏ పుట్టలో దూరినవ్?"

"ఎర్రబోరుల మా అక్కోళ్లింట్ల పండుగ, బాబూ. సారా జర ఎక్కువైంది."

"దీని మీద శనివారం తారీఖు ఉంది. రేపు సాహెబ్ తనిఖీకి దౌరా వస్తాడు. మూడో రోజుకి రావాల్సిన కాగితం నాలుగో రోజుకెందుకొచ్చిందంటే ఏం చెప్పాలి? నీ బల్లెం, గజ్జెలు గుంజుకుని కొలువు తీసేస్తరు. నాకు జుర్మానా."

ముత్తయ్య వంగి ఆయన కాళ్లు పట్టుకున్నాడు. "ఆ తారీఖు ముక్క చింపెయ్యండి బాబూ. మీ పుణ్యముంటది."

మున్షీ ఒక్క క్షణం ఆలోచించాడు. పర్రుమని చింపాడు.

సాయంత్రం మంగ్లూ డప్పు కొట్టి ఊరంతా చాటాడు. కాగితంలో ఉన్నదున్నట్టే: నేటి నుంచి ఐదు రోజులు వాన లేదు. ఆ పైన గాలివాన, వడగళ్లు.

ఊరు గబగబా కదిలింది. వడగళ్లు పడేలోగా పాత కప్పులు దించి కొత్త గడ్డి కప్పుకోవాలి. ఐదు రోజులంటే బోలెడు వ్యవధి.

బుధవారం ముత్తయ్య కప్పు మీదికెక్కితే భార్య నాగేశ్వరమ్మ కింద నిలబడి ఆకాశం చూసింది.

"గాలి పడమటికి తిరిగింది. ఇత్తుల గంపలన్న కప్పు దించని మంగ్లూ ఇంట్ల పెట్టొద్దాం."

"సర్కారు కాగితమే. నా నెత్తి మీద మోసుకొచ్చిన. నీ గాలికి తెలుస్తదా, జగదల్‌పూర్‌కి తెలుస్తదా?"

"నీకు తెలుస్తది లే, పెద్ద సాహెబువి!"

వచ్చే వానలకు చల్లాల్సిన వరి విత్తనాలు ఆ నాలుగు గంపల్లోనే ఉన్నాయి. అవి పోతే మడిలో చల్లడానికి గింజ లేదు.

గురువారం మధ్యాహ్నం ఆకాశం నల్లబడింది. కప్పు లేని ఇళ్ల మీద రేగుపళ్లంత వడగళ్లు దబదబా రాలాయి. ముత్తయ్య గంపల మీద బోర్లా పడ్డాడు. నాలుగు గంపలకు ఒక్క మనిషి ఏ మూలకు? వాన వెలిసేసరికి గింజలు నీళ్లలో నానిపోయాయి. శనివారానికల్లా మొలకలొచ్చాయి.

పదకొండిళ్ల విత్తనాలు పోయాయి. మగవాళ్లంతా చౌకీ మీదికి వెళ్లారు. ముత్తయ్య పక్కింటివాడు సన్న, మున్షీని ముఖం మీదే అడిగాడు: "ఐదు దినాలన్నవ్. రెండు దినాలకే ఎట్లొచ్చింది?"

"రాసింది జగదల్‌పూర్‌వాళ్లు. నేను చాటించానంతే." మున్షీ చూపు ముత్తయ్య మీదికి మళ్లింది. "ఏమంటవ్, ముత్తయ్యా?"

అందరూ ముత్తయ్యకేసి చూశారు.

"అవ్," అన్నాడు ముత్తయ్య. "ఆళ్లే తప్పు రాసిన్రు."

ఆ పొద్దు వాలకముందే సన్న ఓ చిన్న గంప తెచ్చి ముత్తయ్య వాకిట్లో పెట్టాడు. పొయ్యి మీది అటక కింద వేలాడదీసుకున్నాడు గనక అతనింట్లో ఆ విత్తనాలొక్కటే తడవలేదు. "సగం నేను ఉంచుకున్న, ఈ సగం నువ్వు తీసుకో, మామా. సర్కారు నిన్ను కూడ మోసం చేసింది గద."

సన్న వెళ్లాక నాగేశ్వరమ్మ వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది. ఎప్పుడూ శనివారమే జగదల్‌పూర్‌లో బయలుదేరే సంచి. నడిమిట్ల ఒక పొద్దు ఎర్రబోరులో. శని, ఆది, సోమ, మంగళ, బుధ. ఐదు. ఆ మర్నాడే గురువారం. ఆమె చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఆళ్లు సరిగ్గనే రాసిన్రు," అంది.



ఆమె గంపను కాలితో అతని వైపు జరిపింది. "ఈ ఇత్తులు నువ్వే చల్లు. నేను ముట్టను."