ఎవరి జుట్టు వాళ్లకే

నాలుగో తల దగ్గర రత్నాలుకి అనుమానం వచ్చింది.

అప్పటిదాకా గమనించలేదు. క్షవరం అయిన పిల్లవాడు కుర్చీ దిగుతాడు, మెడ దులుపుకుంటాడు, పంపు దగ్గరికి పరుగెడతాడు. ఇరవై రెండేళ్లుగా నెలకోసారి ఈ ఆశ్రమ పాఠశాలకి వచ్చి అతను చూస్తున్నది అదే. ఈరోజు నాలుగోవాడు దిగి పరుగెత్తలేదు. వంగి, గచ్చు మీద రాలిన తన జుట్టంతా రెండు చేతులతో కూడదీసి, నోటుపుస్తకం కాగితంలో పొట్లం కట్టి, నిక్కరు జేబులో కుక్కుకున్నాడు. రత్నాలు వెనక్కి తిరిగి చూశాడు. ముందు అయిన ముగ్గురూ వరండా చివర గోడకి ఆనుకుని నిలబడ్డారు. ముగ్గురి జేబులూ ఉబ్బి ఉన్నాయి.

"ఏటిరా అది? ఆ జుట్టు ఏటి సేసుకుంతావు?"

వాడు జేబు మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఎప్పుడూ తోసుకుంటూ, ఒకడి గుండు చూసి ఒకడు నవ్వుకుంటూ గోల చేసే పిల్లలు ఇవాళ మనిషికీ మనిషికీ మధ్య జానెడు చోటు వదిలి నిలబడ్డారు.

రత్నాలుకి అరవై రెండేళ్లు. బక్కపలచటి మనిషి. తలల మీదకి వంగి వంగి నడుం ఆ వంపులోనే ఉండిపోయింది. కుడి బొటనవేలి మొదట్లో కత్తెర పిడి ఒరుసుకుని కాయ కాసింది. పొద్దున ఎస్.కోటలో కిరండూల్ పాసింజరు ఎక్కినప్పటి నుంచి ఎడమ భుజం కింద ఏదో పట్టేసినట్టుగా ఉంది. గ్యాసనుకుని స్టేషన్లో సోడా తాగాడు. టైడాలో దిగాక ఆటో దొరక్క, మూడు కిలోమీటర్లూ ఎక్కుడు దారిలో నడిచే వచ్చాడు.

తొందరగా ఎవరినీ నమ్మే మనిషి కాదతను. పొద్దున ఆఫీసు గదిలో నల్లటేపు చుట్టిన తన ఫోను చార్జరు గుచ్చుతున్నప్పుడు హెడ్మాస్టరు గోపాలకృష్ణ తన మొహంలోకి సూటిగా చూడకపోవడం అప్పుడే మనసులో పెట్టుకున్నాడు. మండల కేంద్రంలో కుర్రాళ్లు కొత్తగా షాపు పెట్టారు. మిషన్లతో పది నిమిషాలకో తల చేస్తారు. ఈ పని వాళ్లకి మాట్లాడేశారేమో! పిల్లలకి తన మీద ఏదో ఎక్కించారేమో!

టీ ఇవ్వడానికి వచ్చిన వంటమనిషి సోములమ్మని వంటగది చాటుకి పిలిచి అడిగాడు.

"నీకు తెల్దా?" అంది ఆమె గొంతు తగ్గించి. "పైఊర్లో ఒకే వారంలో ఇద్దరు జ్వరంతో పోయేరు. ముసిలోడు గాసి చిల్లంగి ఎట్టీసేడని ఊరంతా పడి కొట్టేరు. ఇల్లు కాల్చేసేరు. సెయ్యిరిగి ఆస్పత్రిలో ఉన్నాడు. ఆడి మనవడు సుక్రు ఇక్కడే ఏడో తరగతి. కొట్టినోళ్లలో నలుగుర్ని పోలీసులు అట్టుకెళ్లేరు. అందులో ఒకడు మన ధనుంజయ్ తండ్రి. ఈడూ ఏడో తరగతే."

చిల్లంగి అంటే ఏమిటో రత్నాలుకి కొత్తగా చెప్పక్కర్లేదు. మనిషి జుట్టో గోరో సంపాదించి, మంత్రం పెట్టి, ఆ మనిషిని మంచం పట్టిస్తారని ఈ కొండల్లో చాలామంది నమ్ముతారు.

"అయితే నన్నెందుకలా సూత్తన్నారు?"

సోములమ్మ ఖాళీ గ్లాసు అందుకుంది. "పోయిన్నెల జుట్టంతా ఊడ్సి గోనిలో అట్టుకెళ్లేవు కదా. తరవాత ఇద్దరు గుంటలకి జ్వరమొచ్చింది. నువ్వది గాసోళ్లకి ఇచ్చేసేవంతన్నారు."

"గెడ్డ ఒడ్డున పారబోసేను!"

"నాకు తెల్సు. ఆళ్లకి తెల్దు కదా."

రత్నాలు తిరిగి వచ్చి కత్తెర పట్టుకున్నాడు. వేళ్లు మొద్దుబారినట్టు అనిపించింది.

పంతొమ్మిదో ఏట తండ్రితో కలిసి ఎస్.కోటలో ఒక పెళ్లివారింటికి వెళ్లాడు. పెళ్లికొడుక్కి క్షవరం అయ్యాక ఉంగరం కనపడలేదు. ఎవరూ రత్నాలుని దొంగ అనలేదు. ఊరికే, "నువ్వు కాసేపు ఇక్కడే ఉండరా" అన్నారు. పొద్దున తొమ్మిది నుంచి దీపాలు పెట్టే వేళ దాకా వాకిట్లో నిలబెట్టారు. వచ్చిన చుట్టాలందరూ అతని చేతుల వంకే చూస్తూ లోపలికి వెళ్లారు. సాయంత్రం ఉంగరం తలంబ్రాల పళ్లెంలో దొరికింది. విస్తరిలో అన్నం పెట్టి పంపించేశారు. అంతే, ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత ఏ ఇంట్లో పని చేసినా, వెళ్లే ముందు అడగకుండానే సంచీ తెరిచి చూపించడం అతనికి అలవాటయింది. "అలా సూపిత్తేనే అనుమానం వత్తాది" అని భార్య తిట్టేది. ఆమె పోయి ఆరేళ్లయింది. కూతురు గాజువాకలో ఉంటుంది. ఎస్.కోటలో తన పాత గిరాకీలంతా అద్దాల షాపులకి వెళ్లిపోయాక, అతనికి మిగిలింది ఈ కొండ మీది పిల్లల తలలే.

వరండా గోడకి రంగు కాగితాలు అంటించి ఉన్నాయి. పైన పెద్ద అక్షరాలతో 'శాంతి సంఘం' అని రాసుంది. గొడవ జరిగాక విశాఖపట్నం నుంచి ఇద్దరు మేడమ్‌లు వచ్చి, మీకు దేనికి భయమో బొమ్మ గీయమన్నారట. పిల్లలు పులినీ పామునీ గీశారు. వాళ్లలో పులిని చూసినవాడు ఒక్కడూ లేడు. బొమ్మ ఎవరి చేతికి వెళుతుందో తెలియనప్పుడు అసలు భయాన్ని ఎవరు గీస్తారు?

పన్నెండో తల ధనుంజయ్‌ది. బొద్దుగా, పెదవులు బిగించి కూర్చున్నాడు. కత్తెర చెవి దగ్గరికి వచ్చినప్పుడల్లా స్తంభానికి వేలాడదీసిన అద్దంలో రత్నాలు చేతులనే చూశాడు. దిగాక తన జుట్టు రెండుసార్లు వెతికి మరీ ఏరుకున్నాడు. అయినా వెళ్లలేదు, స్తంభం పక్కనే నిలబడ్డాడు.

తర్వాత సుక్రు వంతు వచ్చింది. వాడు ముందుకి నడుస్తుంటే వరస రెండుగా చీలింది. సన్నటి మెడ, చొక్కాకి పైరెండు గుండీల స్థానంలో పిన్నీసులు. దువ్వెనతో వెనక జుట్టు పైకెత్తిన రత్నాలు ఆగిపోయాడు. రెండంగుళాల గాయం పక్కు కట్టి ఉంది.

"ఏటిది?"

"పడిపోయేను, తాతా."

రత్నాలు నమ్మలేదు. కాని ఇంకేం అడగలేదు. పక్కు తగలకుండా చుట్టూ మెల్లగా కత్తిరించాడు. దిగగానే సుక్రు కూడా చటుక్కున వంగి కిందిది గుప్పిట పట్టాడు.

"ఒరే, నా జుట్టు తీత్తన్నాడ్రా!" ధనుంజయ్ స్తంభం దగ్గర నుంచి ఒక్క ఉరుకున వచ్చి, స్టూలు మీద ఉన్న కత్తెర అందుకున్నాడు.

పిల్లలంతా గుండ్రంగా కమ్ముకున్నారు. ఎవరో సుక్రుని వెనక నుంచి తోశారు. రత్నాలు ధనుంజయ్ మణికట్టు పట్టుకున్నాడు. లోపల నాడి పిచ్చుక గుండెలా కొట్టుకుంటోంది.

"కత్తెర నాది. కింద ఎట్టు."

"ఆడి గుప్పిట సూడు తాతా! మా నాన్నని జైల్లో ఎట్టించేరు. ఇప్పుడు నన్ను సంపేత్తారు!"

గోల విని గోపాలకృష్ణ ఆఫీసు గదిలోంచి వచ్చాడు. "ఏయ్ సుక్రూ, చెయ్యి తెరువు. తెరువంటుంటే!"

సుక్రు గుప్పిట ఇంకా బిగించి, ఛాతీకి ఆనించుకున్నాడు. వాడి చేతుల వంకే చూస్తున్న అన్ని కళ్లనీ చూస్తుంటే రత్నాలుకి ఒళ్లు చల్లబడింది. జీవితంలో ఏ ఆఫీసరుకీ ఎదురు చెప్పని మనిషి నోట మాట వచ్చేసింది.

"సారూ, ఆడొక్కడినే అడక్కండి. అడిగితే అందర్నీ అడగండి. నేకపోతే ఎవుల్నీ అడక్కండి."

గోపాలకృష్ణ తెల్లబోయి చూశాడు. రత్నాలు తన సంచీ తీసి గచ్చు మీద బోర్లించాడు. దువ్వెనలు, పటిక ముక్క, బ్లేళ్ల పొట్లం, మడిచిన తువ్వాలు అన్నీ పడ్డాయి. "ఇదీ నాది. ఇంక మీరు తియ్యండ్రా."

ఒక్కొక్కటిగా పొట్లాలు బయటికి వచ్చాయి. చివరికి ధనుంజయ్ కూడా కత్తెర వదిలి తన పొట్లం తీశాడు. అప్పుడు సుక్రు వేళ్లు విప్పాడు. చిన్న జుట్టు ముద్ద. కొసల్లో ఎండిన రక్తం పొలుసులు అంటుకుని ఉన్నాయి.

"ఇది నాదే," అన్నాడు వాడు. "ఇక్కడొదిలేత్తే ఆళ్లట్టుకెళ్లి నాకేటైనా సేసేత్తారని..."

"చిల్లంగోళ్ల గుంటడికి చిల్లంగంటే బయమేట్రా?" అన్నాడు వెనక నుంచి ఒకడు. ధనుంజయ్ ఆ జుట్టు ముద్ద వంకే చూస్తూ ఉండిపోయాడు.

ఇదంతా మూఢనమ్మకమని గోపాలకృష్ణ మొదలుపెట్టాడు. సైన్సు గురించి, చట్టం గురించి చెప్పాడు. మంచి మాటలే. పిల్లలు చేతులు కట్టుకుని విన్నారు, పొట్లాల మీద చూపు మాత్రం తియ్యలేదు. చిల్లంగి ఉందో లేదో రత్నాలుకి కూడా తెలీదు. వాకిట్లో నిలబెట్టిన పిల్లవాడి సంగతి మాత్రం అతనికి బాగా తెలుసు.

నాలుగో తరగతి ఫల్గుణ, ఇంకా వంతు రానివాడు, పెద్దవాళ్ల మోచేతుల కింద నుంచి తల బయట పెట్టాడు. "తాతా, అన్నీ కలిపేత్తే? ఎవుడిదేదో ఇంక తెల్దు కదా."

రత్నాలు వాడి మొహంలోకి చూశాడు. తర్వాత మెడకి చుట్టే గుడ్డ గచ్చు మీద పరిచి, తన నెత్తి మీది తెల్లజుట్టు ఒక పాయ కత్తిరించి దాని మధ్యలో వేశాడు. "మంత్రం ఎట్టినోడికి ముందు నేను తగల్తాను. సారూ, మీరు?"

గోపాలకృష్ణ తటపటాయించాడు. రంగు వేసుకున్న జుట్టు అతనిది. కాసేపటికి కుర్చీలో కూర్చుని తల వంచాడు. మొదళ్ల దగ్గర తెలుపు కనపడి, అంతసేపటిలో మొదటిసారి పిల్లలు కిసుక్కుమన్నారు.

పొట్లాలు ఒకటొకటే విప్పి గుమ్మరించారు. సుక్రు వేశాడు. అందరికన్నా చివర ధనుంజయ్ వేశాడు. రత్నాలు మరమరాలు కలిపినట్టు రెండు చేతులతో కలిపేశాడు. వంటగది వెనక సిల్వర్ ఓక్ మొక్క కోసం తీసిన గోతిలో అది పోసి మట్టి కప్పారు. ధనుంజయ్ కదలకుండా నిలబడి చివరి పార మట్టి దాకా చూసి, పైన కాలితో గట్టిగా తొక్కాడు. సుక్రుతో ఒక్క మాట మాట్లాడలేదు. మధ్యాహ్నం అన్నాల దగ్గర ఇద్దరూ ఎప్పటిలాగే చెరో చివర కూర్చున్నారు. కాని ఆ తర్వాత కుర్చీ దిగిన పిల్లలు మెడ దులుపుకుని పంపు దగ్గరికి పరుగెత్తారు.

మూడున్నరకి పని అయింది. హెడ్మాస్టరు సంతకం చేసి ముద్ర వేసిన కాగితం జేబులో పెట్టుకుని, రత్నాలు సంచీ తెరిచి చూపించాడు.

"ఎందుకయ్యా ప్రతిసారీ?" అన్నాడు గోపాలకృష్ణ.

"అలవాటు సారూ."

"వచ్చే నెల కూడా నువ్వే రా. ఎవరేం చెప్పినా."

ఆ చివరి మాట నిజమో కాదో ఆలోచించుకుంటూ రత్నాలు కొండ దిగాడు. టైడాలో రైలెక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. భుజం నొప్పి మోచేతి దాకా పాకింది. సంచీ ఒళ్లో పెట్టుకుని తల వెనక్కి వాల్చాడు. శివలింగపురం దాటింది, బొడ్డవర దాటింది. ఎస్.కోటలో అతను దిగలేదు. కొత్తవలసలో పల్లీలమ్మే ఆమె నిద్రలేపబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఫోను తెరుచుకోకపోవడంతో, జేబులోని కాగితం మీద ముద్ర చూసి రైల్వే పోలీసులు పాఠశాలకి ఫోన్ చేశారు. మర్నాడు ప్రార్థన అయ్యాక గోపాలకృష్ణ పిల్లలకి ఆ సంగతి చెప్పాడు. చెబుతున్నంతసేపూ అతనికి ఒకటే భయం. ఆ భయమే వెనక వరసలోంచి మాటగా వచ్చింది.

"తాత జుట్టు కూడా అందులో ఉంది కదా."

తలలన్నీ సుక్రు వైపు తిరిగాయి. వాడు నేల వంక చూస్తూ నిలబడ్డాడు.

"అందులో నాదీ ఉంది." ధనుంజయ్ ముందుకి చూస్తూనే, ఎవరితోనో పోట్లాడుతున్నట్టు గట్టిగా అన్నాడు. "సారుదీ ఉంది. ఆడిదీ ఉంది. నాకేటీ అవలేదు. తాత ఎడం సెయ్యి నొక్కుకుంటా పని సేసేడు. నేను సూసేను."

కాసేపటికి ముందు వరస కదిలింది, దాని వెనక మిగతావి కదిలాయి. సుక్రు ఏడో తరగతి వరసలో తన చోటులోకి వెళ్లాడు. వాడికీ ముందువాడికీ మధ్య జానెడు చోటు అలాగే ఉంది. వెనక నిలబడ్డవాడు మాత్రం ఒక అడుగు దగ్గరికి జరిగాడు.

గోపాలకృష్ణ ఆఫీసు గదిలోకి వచ్చి కూర్చున్నాడు. రత్నాలు కూతురు నంబరు ఎవరి దగ్గర దొరుకుతుందా అని ఆలోచిస్తూ తల ఎత్తాడు. బీరువా పక్కన స్విచ్‌బోర్డులో, తెగిన చోటల్లా నల్లటేపు చుట్టిన రత్నాలు చార్జరు నిన్నటి నుంచి అలాగే ఉండిపోయింది, వైరు కొస గాలికి మెల్లగా ఊగుతూ, చిన్న ఎర్రలైటు వెలుగుతూ.