అక్క నడక

అద్దానికి వేలాడే ఆ కార్డు, తను వదిలిన వైపు కాకుండా రెండో వైపు తిరిగి ఎందుకుంటుంది? కారెక్కినప్పుడల్లా దర్జీ అక్క మనసులో మెదిలే సందేహమిది. ఇప్పటిది కాదు, ఏళ్ళనాటిది.

కాలు సరిలేని ఆమెకు ఎక్కడికెళ్ళినా తలుపు దగ్గరే బండి ఆపుకునే వీలిస్తూ, ఆమె ఫోటోతో సర్కారు ఇచ్చిన కార్డది. ఆమె బండిలో ఉంటేనే చెల్లుతుంది. కారు మాత్రం తమ్ముడిది. "నన్ను వీపున మోసి బడికి తీసుకెళ్ళినవాడు. వాణ్ణి అనుమానించే బుద్ధి నాకివ్వకు స్వామీ" అని రోజూ దణ్ణం పెట్టుకునేది. ఆ బుద్ధి ఇచ్చిందీ స్వామేనేమో అని ఒక్కోసారి తోచేది గానీ, పైకి అనేది కాదు.

ఆ పొద్దున కాలికి కట్టుకునే ఇనప పట్టీ తోలు తెగింది. తమ్ముడికి ఫోన్ చేసింది.

"కారు సర్వీసుకిచ్చానక్కా. ఈ ఒక్కసారికి ఆటోలో వెళ్ళిపో."

పట్టీలు బాగుచేసే దుకాణం ఓ పెద్ద భవనంలో ఉంది. ఆటో గేటు బయటే ఆగింది. తెగిన తోలును తాడుతో బిగించుకుని, వాన బురదలో చంకకర్రల మీద ప్రాణాలు ఉగ్గబట్టుకుని లోపలికొచ్చింది. చక్రాల కుర్చీ బొమ్మ గీసిన చోట తమ్ముడి తెల్లకారు!

ప్రాణం లేచొచ్చింది. నాకోసమే వచ్చాడు పిచ్చిసన్నాసి, అనుకుంది. దగ్గరికెళ్ళి చూస్తే కార్డు వీపు కనిపించింది. ఫోటో లోపలి వైపుంది.

తలుపు దగ్గరుండే కాపలా ఆయన, ఆమెను ఏళ్ళుగా ఎరిగినవాడే, స్టూలు మీంచి లేచాడు. "పాపం, తమ్ముడుగారికీ కాలు పోయిందటగా అమ్మా! ఒకే ఇంట్లో ఇద్దరికి. దేవుడికి కళ్ళు లేవు."

"మావాడికా?"

ఇంతలో లిఫ్టు తెరుచుకుంది. మెడలో తువ్వాలు, భుజాన జిమ్ము సంచీ. తమ్ముడు హుషారుగా బయటికొచ్చి, కాపలా ఆయన వీపు కనబడగానే కుంటడం మొదలెట్టాడు. ఎడమకాలు వంచకుండా, తుంటి నుంచి విసిరి, భుజం ఒరగేసి. అచ్చం ఆమె నడకే. చిన్నప్పుడు ఆమెను నవ్వించడానికి నేర్చుకున్న నడక.

కాపలా ఆయన పక్కకు జరిగాడు. అక్క కనబడింది.

"సర్వీసు బాగా చేశారా?" అంది.

"అక్కా... ఆ చోటు ఎప్పుడూ ఖాళీయేగా. ఎవరికి నష్టం చెప్పు?"

ఆమె బురద పట్టిన చంకకర్రల వంక చూసుకుంది. "ఇవాళ నాకే."

"నిన్ను వీపు మీద మోసినవాణ్ణి..."

"మోశావురా. అందుకే ఇన్నాళ్ళూ నోరు కట్టేసుకున్నా. నన్ను మోశావు సరే, నా కుంటినడక కూడా ఎత్తుకుపోతావనుకోలేదు."

చెయ్యి చాపింది. వాడు తలొంచుకుని కార్డు తెచ్చిచ్చాడు. కుట్టుసంచీలో కత్తెర పక్కన పెట్టుకుంది.

"ఇంటి దగ్గర దింపుతానక్కా."

"ఆటోలున్నాయి. ముందు ఆ చోటు ఖాళీ చెయ్యి."

కారు వెళ్ళిపోయింది. ఆమె స్టూలు మీద కూలబడింది. కళ్ళు తుడుచుకుని తలెత్తితే, కాపలా ఆయన చొక్కా భుజాన గుండీ లేని పట్టీ వేలాడుతోంది. ఆమె లోపలికెళ్ళేందుకు ఆయన తలుపు తెరిచి పట్టుకున్నప్పుడల్లా, ఈసారి కుట్టిపెడతానని ఎన్నేళ్ళుగానో చెబుతూ వస్తోంది.

"ఇలా వంగండి" అంటూ సూదిలోకి దారం ఎక్కించింది. గుండీ బిగించి, దారం పంటితో తెంపింది.