గోళ్ల రంగు పూసిన ఆదివారం

"ఏందే రోజా, గట్ల మూతి ముడుసుకొని కూసున్నవ్? పరీక్షకు సదువుతున్నవా, ఫోన్ల నీ మొఖం నువ్వే జూసుకుంటున్నవా? జర పక్కకు పెట్టు. మీ మామ పరేషానైన ముచ్చట జెప్త. మధ్యల నవ్వినవంటే చాయ్ పైసలు నువ్వే ఇయ్యాలె."

నారాయణగూడలో మా చర్చిలో మైకులు చూసుకునేది నేనే. నాలుగో తరగతిలోనే చదువుకు దండం పెట్టాను కాబట్టి, చర్చి క్యాలెండర్‌లో నాకు బొమ్మలూ రంగులే తెలుస్తాయి. చిక్కడపల్లిలో మా వంటింట్లోనూ అదే క్యాలెండర్. శుక్రవారం గడిలో చేప బొమ్మ కనిపిస్తే మీ అత్త ఎల్లవ్వ మటన్ మాటే ఎత్తనివ్వదు. చర్చిలోనైతే గడి రంగును బట్టి ఫాదర్ గారి పూజ వస్త్రాలు మారుతాయి. పండుగకు తెలుపు, దేవుడి కోసం ప్రాణాలిచ్చిన వేదసాక్షుల రోజున ఎరుపు, మామూలు రోజులకు ఆకుపచ్చ, ఈస్టర్‌కు ముందు తపస్కాలమంతా ఊదా. ఇంకో రంగు ఉంటుందని నాకెవరూ చెప్పలేదు.

ఆ వస్త్రాలు తీసి పెట్టే పనిలో అంబిక కొత్తగా చేరింది. పాలమూరు నుంచి వచ్చి, మొన్నటిదాకా ఇటుకలు మోసిన పిల్ల. ఆదివారం పూజ అయ్యాక ఆమెను ఉంచాలో వద్దో చెబుతానన్నారు ఫాదర్ గారు. ఆమె జీతం మీదే తమ్ముడు సాగర్ అశోక్ నగర్ హాస్టల్లో ఉండి కొలువు పరీక్షలకు చదువుతున్నాడు.

ఇదంతా తెలిసినా నా చేతులు ఊరుకోవు కదా. శనివారం వైరు సరిచేసే వంకతో వస్త్రాల గదిలోకి వెళ్లి, అక్కడి క్యాలెండర్‌లో మర్నాటి ఊదా గడి మీద మీ అత్త గులాబీ గోళ్ల రంగు పూసేశాను. చర్చిలో గులాబీ బట్టలెక్కడుంటాయి? పిల్ల బీరువా అంతా గాలించి ఏడుపు ముఖం పెట్టాక నవ్వుతూ చెప్పేద్దామనుకున్నాను. ఇంతలో ఇంటి నుంచి ఫోనొచ్చింది. ఆ హడావిడిలో సంగతే మర్చిపోయాను.

ఆదివారం పొద్దున అశోక్ నగర్‌లో చాయ్ తాగుతుంటే సాగర్ ఉరుక్కుంటూ వచ్చాడు.

"కాకా, మా అక్క కొలువు పోయేటట్టున్నది!"

"ఏమైందిరా?"

"క్యాలెండర్ల గులాబీ ఉన్నదని, బీరువ అడుగున ఏవో పాత గులాబీ బట్టలు దొరికితే ఇస్త్రీ జేసి పెట్టింది. తపస్కాలంల గులాబీ ఏంది కాకా? ఫాదర్ జూస్తే ఊకుంటడా?"

"మరి నువ్వు జెప్పలె?"

"జెప్తే ఇనదు. క్యాలెండర్ అబద్ధమాడుతదా అంటున్నది."

గ్లాసు అక్కడే పెట్టేసి స్కూటర్ కిక్కు కొట్టాను. అది దగ్గింది కానీ లేవలేదు. మళ్లీ కొట్టాను. కోచింగ్ సెంటర్ల ముందు పిల్లలు రోడ్డంతా నిండిపోయారు. "జరగున్రి, జరగున్రి!" అని అరుస్తూ తోసుకుంటూ పోయాను. "ఏం కాకా, పెండ్లికి లేటయితున్నదా?" అన్నాడొకడు. ఇంకో రోజైతే వాడి పని చెప్పేవాణ్ని. నారాయణగూడ మలుపు తిరిగేసరికి చర్చి గంట వినపడింది. నా కళ్ల ముందు అంబిక మళ్లీ నెత్తిన ఇటుకలు పెట్టుకొని కనిపించింది.

చెప్పులు ఎక్కడ విడిచానో తెలియదు. వస్త్రాల గదిలోకి దూసుకెళ్లాను. బల్ల మీద గులాబీ వస్త్రాలు. పక్కనే క్యాలెండర్. ఎదురుగా ఫాదర్ గారు. గోడకు ఆనుకొని, తల దించుకొని అంబిక.

"ఫాదర్ గారూ, పిల్లను ఏమనకున్రి! ఆ రంగు పూసింది నేను. మా ఇంటామె గోళ్ల రంగు. దీని కొలువు తియ్యకున్రి, మీ కాళ్లు మొక్కుత!"

ఫాదర్ గారు క్యాలెండర్ కాగితం తిప్పి చూపించారు. నా రంగు కారి, కింది నెల కాగితానికి అంటుకొని, ఈస్టర్ బొమ్మ నిలువునా చిరిగి ఉంది.

"నువ్వా ఆశన్నా! చింపింది చాలక తెలియదని అబద్ధం కూడా ఆడుతోందని నిన్నటి నుంచి ఈ అమ్మాయిని తిడుతున్నాను. పూజ కాగానే పంపించేద్దామనుకున్నాను." ఆయన అంబిక వైపు తిరిగారు. "పొరపాటు నాదమ్మా. ఇక నుంచి బీరువా తాళాలు నీ దగ్గరే ఉంచుకో."

నాకు ఊపిరి వచ్చింది. అంతలో ఆయన ఆ గులాబీ వస్త్రాలే ఎత్తి తొడుక్కోబోయారు.

"ఫాదర్, అది గులాబీ!"

"ఈ రోజు గులాబీనే. తపస్కాలం నాలుగో ఆదివారం, ఆనంద ఆదివారం. గడి కింద 'ఊదా లేదా గులాబీ' అని చిన్నగా రాసే ఉందిగా. మన గులాబీ వస్త్రాలు చిరిగిపోయాయని ఇన్నేళ్లూ ఊదాతో నెట్టుకొచ్చాను. ఈ వారమే అంబిక కుట్టిపెట్టింది."

ఆయన బలిపీఠం దగ్గరికి వెళ్లిపోయారు. అంబిక కొంగుకు తాళాలు ముడేసుకుంటూ నా దగ్గరికి వచ్చింది.

"గీ గదికి నువ్వు గాక ఇంకెవలొస్తరు కాకా? నిన్ననే తెల్సింది. అడిగితే ఇకిలించి పోతవ్. కొత్తదాని మాట ఫాదర్ నమ్మడు. గందుకే, గులాబీ తప్పని జెప్పి నిన్ను ఉరికియ్యమని సాగర్‌గాన్ని నేనే తోలిన."