తల్లి ఫోల్డర్‌లో కూనలు

రాజపాళయం జాతి కుక్కలను పెంచే వినోత్‌కు మా మనవరాలు జీవిత ఒక వెబ్‌సైట్ చేస్తోంది. అది ఆమెకు మొదటి పని. అతనికి నచ్చకపోతే చేజారిపోతుంది. కుక్కల పేర్లు, వయసులు డేటాబేస్‌లో రాసింది. ఫోటోలను మాత్రం విడిగా ఫోల్డర్లలో పెట్టి, ఏది ఎక్కడుందో డేటాబేస్‌లో గుర్తు రాసింది. ఫోటోలను జరపడం నాకూ నేర్పింది.

తల్లి ఒక ఫోల్డర్‌లో, కూనలు ఇంకో ఫోల్డర్‌లో ఉండడం నాకు నచ్చలేదు. పాలు మరవని కూనల్ని మా పల్లెలో మేము తల్లి నుంచి తీయం. అందుకే వాటినీ తల్లి ఫోల్డర్‌లోకి జరిపాను.

సాయంత్రం వినోత్ వచ్చి చూస్తే తెర మీద కూనల చోట ఖాళీ గళ్ళు. డేటాబేస్‌లో పాత చోటే రాసి ఉంది మరి.

“తాతా, నువ్వేనా జరిపినావు?” అంది జీవిత ఏడుపు గొంతుతో.

“పాలు తాగే పిల్లలమ్మా. తల్లి కాడనే ఉండల్ల.”

వినోత్ పకపకా నవ్వాడు. “తాత చెప్పేది సరైన మాటే! మా ఇంట్లోనూ అట్లనే గదా పెడతాము.”

జీవిత కళ్ళు తుడుచుకుంది. “సరి, ఆడనే ఉండనీ. డేటాబేస్‌లో చోటు మార్చి రాస్తాను. ఇంకొక తూరి జరిపితివో, చెయ్యి విరిచేస్తా తాతా!”

కాసేపటికి కూనలన్నీ తెర మీద కనిపించాయి. వినోత్ వాటిని కదలకుండా చూశాడు.

“మిగిలిన తల్లులకూ ఇట్లనే చెయ్యి పాపా” అన్నాడు.