ఓరిన్ బావ ముప్పై ఒక్క షరతులు

మా ఓరిన్ బావకు ఇరవై రెండేళ్ల తర్వాత లాటరీ తగిలింది. డబ్బు లాటరీ కాదు. మిగతా కొండల్లో ఎల్క్ దుప్పి వేటకు ఎవరైనా పోవచ్చు గానీ, టిన్‌కప్ లోయలో ఒక్కదాన్ని వేటాడేందుకు ఏటా పదిమందికే ఇచ్చే పర్మిట్ ఇది. ఒకసారి వచ్చిందంటే జన్మలో మళ్లీ దరఖాస్తు పెట్టడానికి లేదు. బావకు అరవై ఎనిమిదేళ్లు. ఎడమ మోకాలు ఉక్కుది. వేటకు ఇచ్చిన గడువు సెప్టెంబరులో ఒక్క వారం. ఆ లోయేమో పన్నెండు మైళ్ల ఎగువన ఉంది, ఆయన ముసలి గుర్రం డ్యూకేమో ఏప్రిల్‌లోనే కన్నుమూసింది.

అందుకని గుర్రం కొనాలి. గుర్రం ఎంచడానికి నన్ను వెంట రమ్మన్నాడు. నేను ఆయన భార్య ఫెర్న్‌కు తమ్ముణ్ణి, పేరు క్లీవ్. నలభై ఏళ్లుగా గుర్రాలకు లాడాలు కొడుతున్నాను. ఈ చుట్టుపక్కల నేను కాలెత్తి ఒళ్లో పెట్టుకోని గుర్రం లేదు. యజమానులు ముందు నుంచి చూసి మురిసిపోతారు, నేను వెనక నుంచి చూస్తాను, అందుకే నాకు భ్రమలు తక్కువ. నా సలహా అందరూ అడుగుతారు, ఒక్కడూ వినడు.

బావ మా ఊరి గుర్రపు స్వారీ సంఘానికి పద్దెనిమిదేళ్లుగా అధ్యక్షుడు. సంఘం నియమావళిలో ఏడో నియమం ఆయన స్వహస్తాలతో రాసిందే. జూలై నాలుగు, స్వాతంత్ర్య దినం ఊరేగింపులో కంచరగాడిదలకు ప్రవేశం లేదు. ఊరి పరువు కోసమట. అది రాసింది ఒకే ఒక్క మనిషిని దృష్టిలో పెట్టుకుని. వెల్డా స్ట్రంక్ అనే డెబ్బై నాలుగేళ్ల ఆవిడ ఏటి అవతల కంచరగాడిదలను పెంచి వేటగాళ్లకు అమ్ముతుంది. అంతకు ముందు ఏడాది ఊరేగింపులో ఆవిడ గాడిద ఒకటి మేయరు టోపీలో పువ్వు పీకి నమిలేసింది. ప్లాస్టిక్ పువ్వని తెలియగానే మర్యాదగా ఉమ్మేసింది కూడా. అయినా ఎవరూ క్షమించలేదు.

బావ గుర్రానికి ఉండవలసిన లక్షణాలన్నీ రాసి జాబితా తయారు చేశాడు. మొత్తం ముప్పై ఒకటి. అక్క మెత్తటి బిస్కెట్ రొట్టెలూ గ్రేవీ వడ్డిస్తుంటే నాకు చదివి వినిపించాడు.

"ఒకటి. చూడ్డానికి అందంగా ఉండాలి."

"ఎవరికి బావా, దుప్పికా?"

"నోర్ముయ్యరా. పంతొమ్మిది చూడు, ఇది ముఖ్యం. నేను దిగితే, మళ్లీ ఎక్కేదాకా దిగిన చోటే పాతేసినట్టు నిలబడాలి. తుపాకీ పట్టుకుని దుప్పి వెనకాల పోయినప్పుడు ఇది దాని దారిన అది పోకూడదు."

అక్క పెనం పొయ్యి మీద ఠంగున పెట్టింది. "నా షరతు ఒక్కటే. మనిషి వెనక్కి రావాలి. కిందటిసారి ఏమైంది? గుర్రం ఒక్కటే వచ్చింది, ఖాళీ జీనుతో. ఈయన్ని హెలికాప్టర్లో తెచ్చారు. ఆ రాత్రంతా నేనెలా ఉన్నానో ఈయనకేం తెలుసు? మళ్లీ అలా జరిగితే ఆ జీను అమ్మేస్తా. ఈయన్ని కూడా దాంతోపాటే ఇచ్చేస్తా."

బావ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

మొదటి గుర్రం ప్రకటనలో "పసిపిల్లలు కూడా నిర్భయంగా ఎక్కవచ్చు" అని ఉంది. తీరా వెళ్తే యజమాని చెయ్యి కట్టులో వేలాడుతోంది. ఏమైందని అడిగితే మెట్ల మీద జారానన్నాడు. ఆ ఇంటికి మెట్లు లేవు.

రెండోది మహా శాంతమూర్తి. కింది పెదవి వేలాడేసుకుని, కళ్లు సగం మూసుకుని నిలబడింది. వీపు మీద దుప్పటి విసిరినా కదల్లేదు. "దీని స్వభావమే అంత, ధ్యానంలో ఉంటుంది" అన్నాడు యజమాని. "ఆ ధ్యానానికి పొడిచిన మత్తుసూది ఎన్ని గంటలకి దిగుతుందో చెప్పండి, అప్పుడే వస్తాం" అన్నాను. మమ్మల్ని గేటు దాకా సాగనంపాడు, పళ్లు కొరుకుతూ.

ఇక వెల్డా దగ్గరికి నేనే లాక్కెళ్లాను. సామాన్లు మోయడానికి ఎటూ ఒక జంతువు కావాలి కదా అని నచ్చజెప్పాను. ఆవిడ ఆగ్నెస్ అనే ఆడ కంచరగాడిదను చూపించింది. తడిసిన గోనెసంచీ రంగు, జానెడేసి చెవులు, ఎవరినీ లెక్కచెయ్యని ముఖం.

మా వైపు వేటగుర్రానికి అసలు పరీక్ష పచ్చితోలు. ప్రతి ఇంటి ఫ్రీజర్‌లోనూ ఐస్‌క్రీము కింద కిందటేటి ఎల్క్ తోలు ఒకటి ఉంటుంది. దాన్ని కరిగించి, నెత్తురు వాసనతోనే వీపు మీద వేస్తారు. ఆ వాసనకు బెదరని జంతువే మాంసం మోస్తుంది. వెల్డా తోలు వేసింది. ఆగ్నెస్ ఒకసారి వెనక్కి తిరిగి వాసన చూసి, మళ్లీ గడ్డి నమలసాగింది. నేను పక్కనే తుపాకీ పేల్చాను. ఒక చెవి మాత్రం ఇటు తిరిగింది. జాబితా తీసి ఒక్కొక్కటే టిక్కు పెట్టుకుంటూ పోయాను. ముప్పై ఒకటికి ముప్పై. తప్పింది మొదటిదొక్కటే.

"పంతొమ్మిదోదానికైతే దీన్ని మించింది లేదు" అంది వెల్డా. "ఎక్కినవాడు దిగాడా, మళ్లీ ఎక్కితేగానీ అడుగు తీసి అడుగు వెయ్యదు. నేనే నేర్పా."

"చాలా బావుందండీ" అన్నాడు బావ, టోపీ సర్దుకుంటూ. "సామాన్లకి సరిపోతుంది. ఎక్కడమంటే మాత్రం... సంఘం అధ్యక్షుణ్ణి. గాడిద మీద కనబడితే రేపు ఊళ్లో తలెత్తుకోగలనా?"

"మీ తల సంగతి నాకు తెలీదు ఓరిన్ గారూ. వెన్నుపూస గురించి ఆలోచించుకోండి" అంది వెల్డా.

సామాన్లకని ఆగ్నెస్‌ను తీసుకుని, మర్నాడే ఎక్కడానికి సెనేటర్ అనే గుర్రాన్ని కొన్నాడు బావ. రాగిరంగు ఒళ్లు, నుదుట తెల్లని చార, నడుస్తుంటే అలలు అలలుగా ఊగే జూలు. సంఘం వాళ్లంతా వచ్చి చప్పట్లు కొట్టారు. దానికి పచ్చితోలు పరీక్ష చెయ్యలేదేమని అడిగాను.

"అంత అందమైన జూలుకి నెత్తురంటితే పోతుందట్రా? అమ్మినాయన వద్దన్నాడు."

"వద్దంటాడు. ఎందుకనడూ!"

సెప్టెంబరులో బయలుదేరాం. బావ సెనేటర్ మీద, నేను నా ముసలి గుర్రం డాలీ మీద, సామాన్లతో ఆగ్నెస్ వెనక. మూడో రోజు పొద్దున్నే బావ ఒకే ఒక్క గుండుతో దుప్పిని కొట్టాడు. ఇరవై రెండేళ్ల ఎదురుచూపు. ఆయన టోపీ తీసి దాని పక్కన కూర్చున్నాడు. ఆ క్షణంలో ఆయన్ని చూస్తే నాకు నిజంగా ముచ్చటేసింది.

నేను కత్తి తీసి తోలు ఒలవడం మొదలుపెట్టగానే సెనేటర్ ముక్కుపుటాలు ఎగరేసింది. నెత్తురు వాసన తగిలింది. అంతే, కట్టిన కొమ్మతో సహా ఇంటి దారి పట్టింది. బావ జీను, బావ మధ్యాహ్న భోజనం, బావ పరువు అన్నీ దాని వీపు మీదే పోయాయి.

బావ దుంగ మీద కూలబడ్డాడు. ఎదురుగా మాంసం, ఎండ ఎక్కుతోంది, పన్నెండు మైళ్ల దారి, ఉక్కు మోకాలు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడు మాత్రం వెక్కిరించబుద్ధి కాలేదు.

గుడారాన్ని అక్కడే వదిలేసి, మాంసమూ కొమ్ములూ డాలీ మీద కట్టాను. నా జీను తీసి ఆగ్నెస్ మీద వేశాను. నేను నడుస్తానన్నాను.

"ఎక్కు బావా."

"ఎవరైనా చూస్తే?"

"ఉడతలు చూస్తాయి. వాటికి సంఘం లేదులే."

ఎక్కాడు. మొదటి రెండు మైళ్లు బిగుసుకుని కూర్చున్నాడు. రాళ్ల వాలులో ఆగ్నెస్ ప్రతి అడుగూ చూసి చూసి వేస్తుంటే ఆయన భుజాలు దిగాయి. ఏరు దాటాక ఈలపాట అందుకున్నాడు.

చివరి మలుపు తిరిగేసరికి కింద దారి మొదట్లో ట్రక్కులు కనబడ్డాయి. సంఘం మొత్తం అక్కడే ఉంది. మమ్మల్ని వెతకడానికి గుర్రాలకు జీన్లు కడుతున్నారు. బావ గబుక్కున ఆగ్నెస్ మీంచి దిగిపోయాడు.

"ఇక్కణ్ణుంచి నడుస్తా. దీన్ని పట్టుకుని నడిపిస్తున్నట్టు వస్తా."

పగ్గం లాగాడు. ఆగ్నెస్ కదల్లేదు. బతిమాలాడు, తిట్టాడు, వెనక నుంచి తోశాడు, జేబులోంచి ఆపిల్ తీసి చూపించాడు. అది ఆపిల్ తినేసి అలాగే నిలబడింది.

"ఏమొచ్చింది దీనికి!"

"పంతొమ్మిదో షరతు బావా. దిగిన చోటే, పాతేసినట్టు."

"అయితే నీ చావు నువ్వు చావు" అని దాన్ని వదిలి నాలుగడుగులు వేశాడు. మోకాలు మడత పడలేదు. అక్కడే ఒక రాయి పట్టుకుని ఆగిపోయాడు.

కిందికి చూశాను. సెనేటర్ ఖాళీ జీనుతో ఒక ట్రక్కుకు కట్టేసి ఉంది. దాని పక్కనే ఎర్రకోటు వేసుకుని ఎవరో నేల మీద కూర్చుని ఉన్నారు, మొహం చేతుల్లో పెట్టుకుని.

"అది అక్క, బావా. గుర్రం మళ్లీ ఒక్కటే వచ్చింది."

బావ చూశాడు. చాలాసేపేమీ కాదు. ఆ నాలుగడుగులూ వెనక్కి వేసి, ఆగ్నెస్ పక్కనున్న రాయెక్కి, దాని వీపు మీద కూర్చున్నాడు. అది వెంటనే నడక అందుకుంది.

మేం దిగేసరికి సంఘం సంఘమంతా నోరు తెరిచింది. కార్యదర్శి లైల్ ఫొటో తీయడానికి ఎత్తిన ఫోను ఎత్తినట్టే ఉంచాడు. అక్క పరిగెత్తుకొచ్చింది. ముందు ఆగ్నెస్ మెడ వాటేసుకుని ఏడ్చింది. తర్వాత బావ కాలి మీద పిడికిలితో ఒక్కటిచ్చింది. అది ఉక్కు మోకాలు. వారం రోజులు చేతికి కట్టుతో తిరిగింది.

ఆ ఏటి వేటగాడి ఫొటోను సంఘం గోడకు తగిలించడం మా ఆనవాయితీ. పెద్దల కాలం నాటి నిలువు ఫ్రేము, మార్చడానికి వీల్లేదు. అక్టోబరు సమావేశానికి లైల్ ఆ రోజు ఫోనుతో తీసిన ఫొటో కత్తిరించి, ఫ్రేములో పెట్టి, తెర తీశాడు. అందులో బావ ఉన్నాడు, టోపీ ఉంది, కింద గోనెసంచీ రంగు వీపు ఉంది. వీపుకు ముందు భాగం లేదు. తల లేని జంతువు మీద మా అధ్యక్షుడు తలెత్తుకుని కూర్చున్నాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. బావ లేచి దగ్గరికెళ్లి చూశాడు.

"దీని తల ఏదయ్యా?"

"ఫ్రేము ఇరుకండీ" అన్నాడు లైల్. "పైగా ఏడో నియమం ఒకటుంది కదా. అయినా ఇందులో పట్టేది ఒక్క తలేనండీ."

బావ కాసేపు మోకాలు రుద్దుకున్నాడు.

"అయితే నాది తీసెయ్."

తీసేశారు. ఇప్పటికీ మీరు మా సంఘం గదికి వస్తే చూడొచ్చు. వరసగా అందమైన గుర్రాల మీద అందమైన పెద్దమనుషులు, చివర ఆగ్నెస్ ముఖం, ఫ్రేము పైదాకా ఆ రెండు చెవులు, ఓ అంచున పగ్గం పట్టుకున్న ముసలి చేతులు రెండు. కింద ఇత్తడి రేకు మీద పేరు మాత్రం మార్చనివ్వలేదు బావ. ఓరిన్ టాకెట్, అధ్యక్షుడు, అనే ఉంది.