చిగుస ఆకలి

జపానులో ఉవాజిమ రేవు పక్కన మసుయె నడిపే ఉడోన్ నూడుల్స్ దుకాణానికి వచ్చే చేపలవాళ్లు ఆమెను తరచూ ఏడిపించేవారు. "ఊరందరికీ వడ్డిస్తావు, ఇంట్లో పిల్లకి పెట్టవా అక్కా?"

ఆ పిల్ల చిగుస, మసుయె చనిపోయిన చెల్లెలి కూతురు. ఏడేళ్లప్పుడు కనురెప్పల మీద ఊదారంగు మచ్చలు లేచి, మెట్లెక్కలేనంతగా నీరసపడింది. రోగాల నుంచి కాపాడవలసిన శక్తే సొంత కండరాల మీద తిరగబడిందన్నారు డాక్టర్లు. మందులతో ఆ జబ్బు లొంగింది. కానీ ఆ తరువాత ఏటేటా బుగ్గల్లో, చేతుల్లో, కాళ్లలో కొవ్వు కరిగిపోయి, నరాలు తాళ్లలా పైకి తేలాయి. అయినా చిగుసకు ఆకలి తీరేది కాదు. రెండు గిన్నెల ఉడోన్, పైన నాలుగు చేపవడలు తిని, మళ్లీ గిన్నె చాపేది. మసుయె మారుమాటాడకుండా నింపేది.

ఇరవై నాలుగో ఏట చిగుసకు ఎంత నీళ్లు తాగినా తీరని దాహం పట్టుకుంది. షుగరన్నారు. ఇన్సులిన్ ఎంత పెంచినా దిగలేదు.

"చాటుగా మిఠాయిలు తింటోందేమో," అన్నాడు ఊళ్లో డాక్టరు.

"మా పిల్లకి చాటేమిటండీ? ఏం తిన్నా నా ఎదురుగానే తింటుంది," అంది మసుయె.

మత్సుయామ పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ చిగుస చేతులు నిమిరి చూసి, చిన్ననాటి జబ్బు గురించి అడిగింది.

"ఆ జబ్బుతోనే ఒంట్లో కొవ్వు దాచుకునే చోటు పోయిందమ్మా. అందుకే తిన్నది కాలేయంలో, రక్తంలో పేరుకుని ఇన్సులిన్‌ని పనిచెయ్యనివ్వట్లేదు. 'ఇక చాలు' అని మెదడుకి కబురు పంపేది కూడా ఆ కొవ్వే. ఆ కబురు అందక నీకీ ఆకలి. నీ తప్పేం లేదు."

చిగుస అక్కడే ఏడ్చేసింది. ఇన్నేళ్లూ పిల్ల తాను తిండిపోతుననుకుని కుమిలిపోతోందని మసుయెకు అప్పుడే తెలిసింది. చెయ్యి పట్టుకుని కూర్చుంది.

లేని కబురును అందించే ఇంజెక్షను రోజూ ఇవ్వడం మొదలైంది. కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం చిగుస గిన్నెలో సగం వదిలేసింది.

"ఏమే, ఉప్పెక్కువైందా?"

"లేదు పెద్దమ్మా. చాలనిపిస్తోంది. అందరికీ ఇలాగే ఉంటుందా?"

"ఇలాగే ఉంటుందే," అంటూ మసుయె వెనక్కి తిరిగి, పొయ్యి దగ్గర ఏదో సర్దుతున్నట్టు నిలబడింది.

షుగరు అదుపులోకి వచ్చింది, ఇన్సులిన్ బాగా తగ్గింది. బుగ్గలు మాత్రం నిండలేదు. తిండి ధ్యాస తగ్గాక సాయంత్రాలు ఖాళీగా తోచి చిగుస స్కూటరు నేర్చుకుంది. మొదటిసారి పెద్దమ్మను వెనక ఎక్కించుకుని రేవు రోడ్డు మీదికి తీసింది.

"నీ ఎముకలు గుచ్చుకుంటున్నాయే," అంది మసుయె.

"అయితే వదిలెయ్."

మసుయె ఇంకా గట్టిగా పట్టుకుంది.